బియ్యం బస్తాల్లో గోలీలు పెట్టారు, గదంతా వెల్లుల్లి వాసన. ఏం చెయ్యాలి?

నిజాంపేట_కోడలు
ఎవరైనా తొందరగా చెప్పండి. మామయ్య గారు మిర్యాలగూడ నుంచి సోనా మసూరి 3 బస్తాలు తెచ్చారు. నెల తిరక్కుండానే లక్క పురుగులు. నిన్న ఆయనే గంజ్ వైపు వెళ్ళి, ఎవరి దగ్గరో "బియ్యం గోలీలు" పేపర్లో చుట్టించుకొచ్చి, పాత బనీను గుడ్డలో మూటలు కట్టి బస్తాకి 2 చొప్పున పెట్టారు. బస్తాలున్నది స్టోర్ రూమ్ కాదు, పిల్లాడి గది. ఫ్లాట్లో ఇంకెక్కడా చోటు లేదు. పొద్దున్నించి ఆ గదిలో కుళ్ళిన వెల్లుల్లి వాసన. పిల్లాడికి 4 ఏళ్ళు, రాత్రి అక్కడే పడుకున్నాడు, ఇందాక ఒకసారి కక్కాడు. ఇప్పుడు తలుపు మూసి లోపల ఏసీ వేసి ఉంచాను. మామయ్య గారేమో "ఊళ్ళో ఎప్పట్నించో పెడుతున్నాం, ఎవరికేమైంది" అంటున్నారు. ఆయనతో గొడవ పెట్టుకునేంత విషయమా ఇది?

లైట్_తీస్కో_బ్రో
వెల్లుల్లి వాసనే కదక్కా, పక్క ఫ్లాటోళ్ళు ఆవకాయ పెడుతున్నరేమో చూడు ముందు.

గంజ్_బాబాయ్
పైన జోకులేసే తమ్ముడూ, కాసేపు ఆగు. అమ్మా, గోలీలు బూడిద రంగులో, గుండ్రంగా ఉన్నాయా? అయితే అది సెల్ఫాస్ రకం మందు. మా వీధిలో దాన్ని గోధుమ గోలీ అంటారు.

ఫ్యూమిగేషన్_పంతులు
గొడవ సంగతి తర్వాత. ముందు అందరూ ఇంట్లోంచి బయటికి నడవండి, మామయ్య గారితో సహా. వెళ్తూ దారిలో చేతికందిన కిటికీలు, బాల్కనీ తలుపు తెరిచెయ్యండి. పిల్లాడి గదిలోకి మాత్రం వెళ్ళొద్దు, మూటలు తియ్యడానికి అసలే వద్దు. ఏసీ వల్ల ఒరిగేదేమీ లేదు, ఉన్న గాలినే తిప్పితిప్పి కొడుతుంది. పక్క ఫ్లాటు వాళ్ళకీ, పైన కింద వాళ్ళకీ చెప్పండి, తలుపు సందుల్లోంచి, డక్టుల్లోంచి ఈ గ్యాస్ పక్కకి పోతుంది. ముక్కుకి తడి గుడ్డ కట్టుకుంటే ఆగదు. కరోనా నాటి మాస్కు కూడా ఆపదు. పిల్లాణ్ణి నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

గోదాముల్లో విషపు గ్యాస్ పెట్టి పురుగుని చంపే పని, అంటే ఫ్యూమిగేషన్, చేసే లైసెన్సు ఉన్నవాణ్ణి నేను. రాజేంద్రనగర్‌లోని మొక్కల ఆరోగ్య నిర్వహణ సంస్థ ఎన్‌ఐపీహెచ్‌ఎంలో శిక్షణ అయ్యాకే చేతికి మందు ఇచ్చారు. ఊరికే భయపెట్టట్లేదు.

నిజాంపేట_కోడలు
అవును బూడిద రంగే. బయటికి వచ్చేశాం, మెట్ల దగ్గరున్నాం. మా ఆయన మళ్ళీ లోపలికెళ్ళి మూటలు తీసి బకెట్ నీళ్ళలో ముంచేస్తానంటున్నారు, వాసన పోతుందని.

ఫ్యూమిగేషన్_పంతులు
వద్దు వద్దు వద్దు. నీళ్ళు తగలకూడదు. ఆయన్ని ఆపండి.

గంజ్_బాబాయ్
నీళ్ళు పొయ్యొద్దు తల్లీ!!

రసాయనం_సార్
ఎందుకు వద్దంటున్నారో చెప్తే ఆయనకీ నచ్చుతుంది. ఆ మాత్రలో ఉన్నది అల్యూమినియం ఫాస్ఫైడ్. అది ఉత్తినే ఉంటే ఘన పదార్థం. తేమ తగిలితే ఫాస్ఫీన్ అనే వాయువు పుడుతుంది, మిగిలేది బూడిద లాంటి అల్యూమినియం హైడ్రాక్సైడ్. మందు పనిచేసేదే అలా. గాలిలో ఉన్న తేమతో ఆ పని మెల్లగా గంటలూ రోజులూ సాగుతుంది. బకెట్లో ముంచారనుకోండి, రోజుల్లో రావలసిన గ్యాసంతా నిమిషాల్లో ముఖమ్మీదికొస్తుంది. పైగా గాలిలో ఫాస్ఫీన్ 1.8 శాతం దాటితే అంటుకుంటుంది. అందులో కలిసి ఉండే డైఫాస్ఫీన్ అనే మలినం వల్ల ఒక్కోసారి నిప్పు చూపించకుండానే మండుతుంది. ఈ మందు ఉన్నచోట మంటలొచ్చినా నీళ్ళు కొట్టరు, పొడి ఇసుకో డ్రై పౌడరో వాడతారు.

డల్లాస్_దొర
మా టెక్సాస్‌లో సరిగ్గా ఇదే జరిగింది. 2017 జనవరి, అమరిల్లో అనే ఊరు. ఒకాయన ఇంటి కింద ఎలుకల కోసమో దేనికోసమో ఈ రకం మందే వేశాడు, వాసనొస్తోందని నీళ్ళు కొట్టి కడగబోయాడు. నలుగురు పిల్లలు చనిపోయారు, వాళ్ళ సొంత పిల్లలే. ఇక్కడ వార్తల్లో చాలా రోజులు వచ్చింది. దయచేసి మీ ఆయనకి ఈ పోస్టు చదివి వినిపించండి.

నిజాంపేట_కోడలు
వినిపించాను. కూర్చుండిపోయారు. ఆసుపత్రికి బయల్దేరుతున్నాం.

నైట్‌డ్యూటీ_డాక్టరమ్మ
మంచిది. అక్కడికెళ్ళాక "పిల్లాడు కక్కుతున్నాడు" అని మాత్రం చెప్పి ఊరుకోకండి. ఫుడ్ పాయిజన్ అనుకుని సిరప్ రాసి పంపించే అవకాశం ఉంది. "సెల్ఫాస్ మాత్రలున్న గదిలో రాత్రంతా పడుకున్నాడు" అని మొదటి మాటగా చెప్పండి. తలనొప్పి, వాంతులు, కళ్ళు తిరగడం, ఛాతీ బిగుసుకున్నట్టు ఉండటం, ఆయాసం, ఇవీ లక్షణాలు. మొదట్లో మామూలు జబ్బులాగే కనిపిస్తాయి, ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కొన్ని గంటలు ఆలస్యంగా కూడా మొదలవ్వచ్చు. అందుకే ఇప్పుడు హుషారుగా ఉన్నా సరే, అబ్జర్వేషన్‌లో ఉంచమనండి. ఈసీజీ, ఆక్సిజన్ చూస్తారు. పెద్దవాళ్ళు కూడా చూపించుకోండి.

దీనికి విరుగుడు మందంటూ లేదు. గుండె, బీపీ, ఊపిరి ఆడటం దెబ్బతినకుండా కాపాడుకుంటూ రావడమే వైద్యం. డాక్టర్లకి సందేహం ఉంటే ఢిల్లీ ఎయిమ్స్‌లోని పాయిజన్ సెంటర్ నంబరు 1800 116 117 ఇవ్వండి.

మా_అమ్మ_చెప్పింది
అందరూ కలిసి ఆ పిల్లని హడలగొట్టేస్తున్నారు. మా ఇంట్లో నా చిన్నప్పటి నుంచీ ధాన్యం గాదెలో ఈ గోలీలే. ఏటా వేసేవాళ్ళం. మా తాత తొంభై దాకా బతికాడు. రేషన్ బియ్యానికి ఇదే మందు, ఎగుమతి బియ్యానికి ఇదే మందు. దేశమంతా తింటున్నాం. ఇప్పుడు ఫ్లాట్లోకి రాగానే విషమైపోయిందా?

వడ్ల_చిలుక
మీ తాత గాదెలో పడుకునేవాడా?

మా_అమ్మ_చెప్పింది
వరండాలో. అయినా అది కాదు పాయింటు.

రసాయనం_సార్
అసలు పాయింటే అది. లెక్క వేసి చూద్దాం. 3 గ్రాముల మాత్ర మొత్తం విడిపోతే 1 గ్రాము ఫాస్ఫీన్ వస్తుంది. అది సుమారు ముప్పావు లీటరు వాయువు. 10 అడుగులకి 12 అడుగుల గది, ఎత్తు 9 అడుగులు అనుకుంటే దాదాపు 30 ఘనపు మీటర్లు. తలుపులు మూసి ఉంటే ఒక్క మాత్రకి గది గాలిలో 23, 24 పీపీఎం (పది లక్షల పాళ్ళ గాలిలో అన్ని పాళ్ళ గ్యాస్) చేరుతుంది. పని చేసే చోట ఎనిమిది గంటలకి సగటున 0.3 పీపీఎం దాటకూడదని అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా నియమం. 50 పీపీఎం అంటే ప్రాణానికి తక్షణ ప్రమాదం అనే కోవలోకి వస్తుంది. నిజాంపేట ఇంట్లో ఉన్నవి 6 మాత్రలు. సందుల్లోంచి కొంత పోతుంది, మాత్ర ఒక్కసారే విడిపోదు, కొంత బియ్యంలో పట్టి ఉంటుంది. అవన్నీ తీసేసినా నాకైతే ధైర్యం చాలదు.

ఊరి గాదె ఇంటికి దూరంగా ఉండేది, పడుకునేది ఆరుబయట. ఏసీ కోసం కిటికీలకి రబ్బరు పట్టీలు వేసుకున్న పడకగది అలా కాదు.

నిద్రలేని_బ్యాచిలర్
వాసన రాకపోతే పర్లేదా సార్ మరి? మా హాస్టల్లో మొన్న వేశారు, మాకైతే ఏ వాసనా రాలే.

రసాయనం_సార్
లేదు. స్వచ్ఛమైన ఫాస్ఫీన్‌కి వాసన ఉండదు. మనకొచ్చే వెల్లుల్లి, కుళ్ళిన చేపల కంపు అందులోని మలినాలది. ఆ మలినాల్ని గింజలు ముందే పీల్చేసుకుంటే కంపు పోతుంది, గ్యాస్ మాత్రం ఉంటుంది. వాసన వస్తే పారిపొండి, రాకపోతే క్షేమం అనుకోకండి. గ్యాస్ కొలిచే మీటరే దిక్కు.

ఇంకో సంగతి. మామిడికాయలు మగ్గబెట్టే కార్బైడ్ దగ్గర కూడా ఇదే కంపు కొడుతుంది. గడ్డిఅన్నారం మార్కెట్టు ఉన్న రోజుల్లో అటుగా వెళ్ళినవాళ్ళకి గుర్తుంటుంది. కార్బైడ్‌లోని మలినాల వల్ల అక్కడా కొద్దిగా ఫాస్ఫీన్ పుడుతుంది.

ఫ్యూమిగేషన్_పంతులు
బ్యాచిలర్ బ్రో, హాస్టల్లో వేశారా? ఏం వేశారు, ఎక్కడ?

నిద్రలేని_బ్యాచిలర్
అమీర్‌పేట సైడ్ అన్నా. పేరు చెప్పను, ఇంకా అడ్వాన్స్ రావాలి. నల్లులు మామూలుగా లేవు, మంచం కోళ్ళలో, ప్లగ్ బాక్సుల్లో కూడా ఉన్నయ్. ఓనర్ ఎవరినో పట్టుకొచ్చిండు. మా పక్క రూమ్ ఖాళీ చేపించి లోపల ఏవో గోలీలు పెట్టి, తలుపుకి ప్యాకింగ్ టేప్ వేసి పోయిండ్రు. మేం మా రూమ్‌లనే పడుకున్నం. పొద్దుగాల ముగ్గురికి తలనొప్పి, ఒకనికి వాంతులు. మెస్‌ల గుడ్డు కూర అని మెస్ అంకుల్‌తోని లొల్లి పెట్టుకున్నం.

మెస్_బాధితుడు
అంకుల్‌కి సారీ చెప్పి రండి ముందు. ఈ ఒక్కసారికి ఆయన తప్పు లేదు.

ఫ్యూమిగేషన్_పంతులు
చదువుతుంటేనే ఒళ్ళు మండుతోంది. నల్లులకి హాస్టల్ గదుల్లో ఈ మాత్రలు వెయ్యడం చట్టవిరుద్ధం. పక్క గదిలో మనుషుల్ని పడుకోబెట్టి వెయ్యడం గురించి ఇక చెప్పక్కర్లేదు. నల్లులకి స్టీమ్ వెయ్యొచ్చు, బట్టల్ని వేడి నీళ్ళలో నానబెట్టొచ్చు, అనుమతి ఉన్న స్ప్రేలు రెండు మూడు విడతలు కొట్టొచ్చు. కష్టమే, టైమ్ పడుతుంది. గోలీ వేసేవాడికి ఒక పూటలో పని అయిపోతుంది, అందుకే వేస్తాడు.

మీ ఇంటికి ఎవరైనా పెస్ట్ కంట్రోల్ వాడొచ్చి జేబులోంచి బూడిద రంగు మాత్రలు తీస్తే, డబ్బులు పోతే పోయాయి, బయటికి పంపెయ్యండి.

బేగంబజార్_బిడ్డ
నల్లులకి ఇదివరకు నువాన్ కొట్టేవాళ్ళు కదా అందరూ.

ఫ్యూమిగేషన్_పంతులు
నువాన్‌లో ఉండేది డైక్లోర్వాస్. 2020 డిసెంబరు 31తో దేశంలో నిషేధం అయిపోయింది. ఎవరింట్లోనన్నా పాత సీసా ఉంటే వాడకండి.

మిల్లు_మామ
నేను రైస్ మిల్లులో చాలా కాలంగా ఉన్నోణ్ణి, నా మాట గూడ వినండ్రి. గోలీని తిట్టకండ్రి, గోలీ లేకుంటె గోదాముల గింజ మిగలది. కాని ఈ మధ్య పురుగు సస్తలేదు, గట్టిపడ్డది. అందుకే మావోళ్ళు డబుల్ వేస్తున్నరు.

ఫ్యూమిగేషన్_పంతులు
మామా, మొదటి మాట ఒప్పుకుంటా. రెండోది ఒప్పుకోను. పురుగు తట్టుకోవడం నేర్చుకున్న మాట నిజమే, మన దేశంలో లక్క పురుగుల్లోనూ ముక్క పురుగుల్లోనూ అది కనిపించింది. ఎందుకు నేర్చుకుంది? సరిగ్గా మూయకుండా, రెండు రోజులకే కవరు లేపేసి సగం సగం వాయించడం వల్ల. పెద్ద పురుగు తొందరగా చస్తుంది. గుడ్డు, గూటిలో ఉన్న ప్యూపా ఊపిరి తక్కువ పీలుస్తాయి కాబట్టి ఓ పట్టాన చావవు. అవి కూడా పోవాలంటే తగినంత గ్యాస్ వారం దాకా లోపలే నిలవాలి. డబుల్ వేసి కవరుకి చిల్లులుంచితే మొదటి రోజు మోత, మూడో రోజుకి ఖాళీ. ఒక్కసారే ఎక్కువ గ్యాస్ తగిలితే పురుగు మత్తులో పడి ఊపిరి తగ్గించేసుకుంటుంది కూడా, చావకుండా బయటపడుతుంది. ఖర్చు నీది, లాభం పురుగుది.

మిల్లు_మామ
నువ్వు చెప్పేది బుక్కుల బాగుంటది. వారం రోజులు స్టాక్ కట్టేసి కూసుంటె లారీ ఎవ్వడు లోడ్ చేస్తడు? ఆర్డర్ ఆగుతదా?

ఫ్యూమిగేషన్_పంతులు
అదీ నిజమే. ఓనర్‌కి చెప్పాల్సిన మాట నీకు చెప్తున్నా.

ఐదో_అంతస్తు
తెలియక అడుగుతున్నా, గోదాములో సరిగ్గా అంటే ఎలా చేస్తారు? సినిమాల్లో చూపించినట్టు పొగ వస్తుందా?

ఫ్యూమిగేషన్_పంతులు
పొగా గిగా ఏమీ ఉండదు, అదే దీనితో చిక్కు. కంటికి కనపడదు. బస్తాల స్టాక్ మీద చిల్లుల్లేని మందపాటి పాలిథీన్ కవరు కప్పుతాం. నేల దగ్గర అంచుల మీద ఇసుక పాములు పెడతాం, అంటే పొడుగాటి గుడ్డ గొట్టాల్లో ఇసుక నింపినవి, ఒకదాని మీదికి ఒకటి ఎక్కేలా. బస్తాల బరువుని బట్టి మాత్రలు లెక్కపెట్టి ట్రేల్లో, చేతికి పొడి గ్లవుజులతో, ఒక్కడు కాదు ఇద్దరు ఉండి. మాత్రలో అమ్మోనియం కార్బమేట్ కూడా కలిపి ఉంటుంది. అది ముందుగా అమ్మోనియా ఘాటు వదిలి హెచ్చరిస్తుంది, మంట అంటుకోకుండానూ కొంత ఆపుతుంది. ఆ ఘాటు వచ్చేలోపే పని ముగించి బయటపడాలి. తలుపుకి తాళం, పుర్రె బొమ్మ బోర్డు. రోజూ మీటరుతో లోపల గ్యాస్ నిలిచిందా, బయటికి కారుతోందా అని చూస్తాం. గడువయ్యాక గాలి ఆడించి, 0.3 పీపీఎం కంటే కిందికి దిగితేనే కూలీల్ని పంపుతాం. మిగిలిన బూడిదని కూడా ఊరికే చెత్తకుండీలో పారెయ్యం, అందులో విడిపోని మందు కొంత ఉంటుంది.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, "రేషన్ బియ్యానికి ఇదే మందు" అన్నారు కదా పైన. మందు అదే. మిగతా ఏదీ అది కాదు.

మా_అమ్మ_చెప్పింది
సరే, గోదాము లెక్క వేరు. కానీ ఊళ్ళో వేసినవాళ్ళంతా తెలివితక్కువ వాళ్ళన్నట్టు మాట్లాడకండి.

వడ్ల_చిలుక
ఎవరూ అనలేదండీ. ఊళ్ళో గాదెకి గాలి ఉండేది, అంతే.

కొండాపూర్_కార్పెంటర్
మధ్యలో దూరుతున్నా, సారీ. చెక్క ప్యాలెట్లతో సోఫా చేస్తుంటా. పాత ప్యాలెట్ల మీద గోధుమ కంకి గుర్తు, పక్కన ఎంబీ అని ముద్ర ఉంటోంది కొన్నింటికి. అది కూడా ఇలాంటి గ్యాసేనా?

కంటైనర్_కష్టాలు
అవును, ఎంబీ అంటే మిథైల్ బ్రోమైడ్. నేను సనత్‌నగర్ ఐసీడీలో (ఓడరేవుకి పోయే సరుకు కంటైనర్ల డిపో) కంటైనర్ల పని చూస్తుంటా. ఎగుమతి చెక్కలో పురుగు దేశం దాటకుండా అంతర్జాతీయ నియమం ఉంది, ఆ ముద్ర దానిదే. హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసింది, సోఫాకి అవే ఏరుకోండి. మిథైల్ బ్రోమైడ్‌కి దాదాపు వాసన ఉండదు, అందుకని చాలాచోట్ల కళ్ళు మండించే క్లోరోపిక్రిన్ కొంచెం కలుపుతారు. ఒక్క రోజులో పని అయిపోతుంది, ఫాస్ఫీన్‌లా వారం ఆగక్కర్లేదు. కానీ ఓజోన్ పొరని తినేస్తుంది. మాంట్రియల్ ఒప్పందం ప్రకారం అభివృద్ధి చెందిన దేశాలు 2005కి, మనలాంటి దేశాలు 2015కి మానెయ్యాలి. ఓడరేవుల క్వారంటైన్ పనికి మాత్రం మినహాయింపు ఉంది, అందుకే ఇంకా ఆ ముద్ర కనిపిస్తోంది.

కొండాపూర్_కార్పెంటర్
థాంక్స్ అన్నా. ఎంబీవి పక్కన పడేస్తా. కస్టమర్లేమో ఆ ముద్ర కనపడేలా పెట్టమంటున్నరు, స్టైల్ అంట.

పాత_స్టోర్‌కీపర్
మీకెవరికీ తెలియని ఇంకోటి చెప్తా. మా రోజుల్లో ఇళ్ళకి చిన్న చిన్న గాజు గొట్టాలొచ్చేవి, ఈడీబీ అని, ఎథిలీన్ డైబ్రోమైడ్. గుడ్డలో చుట్టి గొట్టం విరిచి ధాన్యంలో దూర్చెయ్యడమే. ప్రభుత్వం వాళ్ళే నేర్పించేవాళ్ళు! తర్వాత క్యాన్సర్ కారకం అని తేలి 2001లో నిషేధించారు. కాబట్టి "ఎప్పట్నించో వాడుతున్నాం" అనే మాటని నేను పెద్దగా పట్టించుకోను.

నిజాంపేట_కోడలు
అందరికీ అప్‌డేట్. పిల్లాడు బాగానే ఉన్నాడు. ఈసీజీ మామూలుగానే ఉంది, రక్త పరీక్షలు కూడా. రేపటి దాకా ఉంచుతామన్నారు. మళ్ళీ వాంతి కాలేదు, ఇడ్లీ తిన్నాడు, ఆసుపత్రి మంచం రిమోట్‌తో ఆడుతున్నాడు. మా ఆయనకీ అత్తయ్యకీ తలనొప్పి ఉంది, వాళ్ళనీ చూశారు.

ఇంటికి ఫైర్ వాళ్ళు, లైసెన్సున్న పెస్ట్ కంట్రోల్ ఆయన వచ్చారు, గాలి సిలిండర్ వీపుకి కట్టుకుని వెళ్ళారు. తలుపు తెరవగానే మీటర్ కేకలు పెట్టిందట. బస్తాలు టెర్రస్ మీదికి చేర్చారు. పై ఫ్లాటు, పక్క ఫ్లాటు కూడా ఖాళీ చేయించారు. అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో నా పేరు మోగిపోతోంది.

మామయ్య గారు అసలు మాట్లాడట్లేదు. ఆసుపత్రి వరండాలో కూర్చుని ఉన్నారు.

నైట్‌డ్యూటీ_డాక్టరమ్మ
చాలా సంతోషం. ఆయన్ని ఒక్కరినే వదలకండి. తప్పు ఆయనది అనే మాట ఇంట్లో ఎవరి నోటా రానివ్వకండి ఈ రెండు రోజులూ. మనవడి బియ్యం పాడవకూడదనే కదా తెచ్చింది. జవాబు చెప్పాల్సింది పేపర్లో చుట్టి అమ్మినవాడు.

కొత్తపేట_కుర్రాడు
చిన్న డౌట్. ఆ గదిలో లాప్‌టాప్, ట్యాబ్ ఉంటే? మా ఫ్రెండ్ గోదాములో వెయింగ్ మిషన్ ఫ్యూమిగేషన్ అయ్యాక చచ్చిపోయింది.

రసాయనం_సార్
ఫాస్ఫీన్ రాగిని, ఇత్తడిని, వెండిని, బంగారాన్ని కూడా తినేస్తుంది, ముఖ్యంగా తేమ ఉన్నచోట. సర్క్యూట్ బోర్డుల్లో ఉండేవి అవే. అందుకే గోదాముల్లో మందు వేసేముందు మోటార్లు, మిషన్లు తీసేస్తారు, తియ్యలేకపోతే చుట్టి సీలు చేస్తారు. ఒక రాత్రికి ఏసీ, లాప్‌టాప్ పాడవ్వాలని లేదు గానీ, కొన్నాళ్ళకి మొరాయిస్తే ఆశ్చర్యపోకండి.

బేగంబజార్_బిడ్డ
బంగారం కూడానా?! మా ఇంట్లో బియ్యం డబ్బాలోనే నగలు దాస్తారు.

లైట్_తీస్కో_బ్రో
అడ్రస్ పెట్టక్కా, వచ్చి చెక్ చేస్తం.

నిర్వాహకుడు
అడ్రస్‌లు, దుకాణాల పేర్లు పెట్టొద్దు. రెండు పోస్టులు తీసేశాను, ఒకదాంట్లో ఎవరో ఎంత మింగితే ఏమవుతుందని లెక్కలు అడిగారు. అలాంటివి ఇక్కడ ఉండవు. అడిగింది మీ గురించే అయితే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఇప్పుడే ఫోన్ చెయ్యండి, పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. నాకు మెసేజ్ పెట్టినా సరే, మేలుకునే ఉంటాను.

నైట్‌డ్యూటీ_డాక్టరమ్మ
థాంక్స్ నిర్వాహకుడు గారూ. అందుకే నాకు ఈ విడి అమ్మకాల మీద అంత కోపం. క్షణికావేశంలో చేతికి అందే దూరంలో ఇది ఉండకూడదు. లోపలికెళ్ళాక ఒంట్లో ప్రతి కణం ఆక్సిజన్ వాడుకోలేని స్థితికి వస్తుంది, మొదట గుండె దెబ్బతింటుంది. తర్వాత మనసు మార్చుకుని "బతికించండి" అన్నవాళ్ళని చూశాను. ఇంతకంటే రాయలేను.

చట్టం_చుట్టం
చట్టం సంగతి నేను చెప్తా. ఈ మందు పురుగుమందుల చట్టం, అంటే ఇన్‌సెక్టిసైడ్స్ యాక్ట్ 1968 కిందికి వస్తుంది. అల్యూమినియం ఫాస్ఫైడ్ మామూలు మనుషులకి అమ్మడానికి లేదు. ప్రభుత్వ సంస్థలు, అనుమతి పొందిన నిపుణుల పర్యవేక్షణలో పనిచేసే పెస్ట్ కంట్రోల్ వాళ్ళు, వీళ్ళకే. 3 గ్రాముల మాత్రలు 10, 20 పట్టే గొట్టాలు ఇళ్ళకి చేరుతున్నాయనే ఆ ప్యాకింగుని 2001 జూలైలో పూర్తిగా నిషేధించారు. పేపర్లో చుట్టి రెండూ మూడూ అమ్మడం ఏ లెక్కన చూసినా నేరమే.

గంజ్_బాబాయ్
కాగితం మీద అంతే. గంజ్‌లో అడిగేవాడి ముఖం చూసి ఇస్తారు. ముసలాయన పంచె కట్టుకుని వచ్చి "బియ్యానికి బాబూ" అంటే ఎవడూ కాదనడు. నేను అమ్మను, మా పక్కవాడు అమ్ముతాడు, కస్టమరు అటు పోతాడు. ఇదీ సంగతి.

పాతబస్తీ_పప్పన్న
అయితే పురుగుకి ఏం చెయ్యాలో అది చెప్పండ్రి. మా ఇంట్ల బోరిక్ పౌడర్ కలుపుతం బియ్యానికి. అది ఓకేనా?

నైట్‌డ్యూటీ_డాక్టరమ్మ
బోరిక్ కూడా వద్దు. తిండిలో కలపడానికి దానికి అనుమతి లేదు. "కడిగితే పోతుంది" అంటారు, అందరూ ఒకేలా కడుగుతారా?

పాతబస్తీ_పప్పన్న
అది వద్దు ఇది వద్దు. వేపాకు అనకండ్రి మళ్ళ, వేపాకు మీదనే గుడ్లు పెట్టినయ్ మా ఇంట్ల.

వడ్ల_చిలుక
వేపాకు కొత్త పురుగుని కొంచెం దూరంగా ఉంచుతుందేమో గానీ, గింజలో అప్పటికే ఉన్న గుడ్డుని ఏమీ చెయ్యదు. ముక్క పురుగు గింజకి చిల్లు పెట్టి లోపల గుడ్డు పెట్టి మూసేస్తుంది, మనకి పైకి కనపడదు. మిల్లు నుంచి వచ్చేటప్పుడే లోపల ఉంటుంది. నేను చేసేది: తక్కువ తెచ్చుకుంటాను, 5 కిలోల మూటలుగా కట్టి డీప్ ఫ్రీజర్లో నాలుగైదు రోజులుంచి, ఆరాక గాలి దూరని స్టీలు డబ్బాలో పోస్తాను. కందిపప్పుకి ఆముదం చెయ్యి రాస్తాను, మా నాయనమ్మ పద్ధతి. ఎండలో బియ్యం పొయ్యకండి, గింజ పగిలి నూకవుతుంది, నీడలో ఆరబెట్టి జల్లించండి.

మిల్లు_మామ
3 బస్తాలు ఫ్రీజర్ల పడ్తయా అమ్మా? ఇప్పుడు గాలి దూరని మూడు పొరల సంచులొచ్చినయ్. గట్టిగ మూతి కడితె లోపల పురుగే ఆక్సిజన్ వాడుకొని సస్తది. మందు లేదు మాకు లేదు. ధర కొంచెం ఎక్కువ గాని మళ్ళ మళ్ళ వాడుకోవచ్చు. ఊరి నుంచి ఏడాది బియ్యం తెచ్చుకునేటోళ్ళకు అదే నయం.

నిజాంపేట_కోడలు
ఒక్క ప్రశ్న మిగిలింది. ఆ బియ్యం తినొచ్చా? అత్తయ్య పారెయ్యడానికి ఒప్పుకోవట్లేదు.

ఫ్యూమిగేషన్_పంతులు
మామూలుగా అయితే గ్యాస్ గింజలో నిలవదు, గాలి ఆడిస్తే పోతుంది. మీ కేసులో చిక్కు బనీను గుడ్డతో. పలచటి గుడ్డలోంచి బూడిద గింజల్లోకి రాలి ఉంటుంది, అందులో విడిపోని మందు ఉండొచ్చు, అదీ తడి తగిలితే మళ్ళీ గ్యాసే. బూడిద గింజకి తగలకుండా చూడటం మా పనిలో మొదటి రూలు. చెయ్యి పెట్టి కెలకకండి, జల్లించకండి, కోళ్ళకి పశువులకి వెయ్యకండి. ఆ వచ్చినాయనకే అప్పగించండి. అత్తయ్య గారికి నా మాటగా చెప్పండి, 3 బస్తాల డబ్బు ఆసుపత్రి బిల్లులో ఒక పూటకి రాదు.

నిజాంపేట_కోడలు
బిల్లు చూపించాను. ఒప్పుకున్నారు.

చట్టం_చుట్టం
అమ్మినవాడి మీద ఫిర్యాదు ఇస్తారా? పురుగుమందుల తనిఖీ అధికారం ఇన్‌సెక్టిసైడ్ ఇన్‌స్పెక్టర్‌ది, మన దగ్గర వ్యవసాయ శాఖ అధికారులే ఆ పని చూస్తారు. ఆసుపత్రి కాగితం, మిగిలిన పేపర్ పొట్లం ఫోటో ఉంటే బలం. పొట్లాన్ని ముట్టుకోకుండా ఫోటో మాత్రమే.

నిజాంపేట_కోడలు
మామయ్య గారే అడిగారు ఇప్పుడు, దుకాణం తనే చూపిస్తానని. పిల్లాడు డిశ్చార్జ్ అయ్యాక వెళ్తాం.

గంజ్_బాబాయ్
నేనూ వస్తానమ్మా. ఏ సందులో అమ్ముతారో నాకు తెలుసు.

నిద్రలేని_బ్యాచిలర్
హాస్టల్ కంప్లైంట్ కూడా అక్కడనే ఇయ్యొచ్చా? అడ్వాన్స్ వచ్చినంక.